డోలు ముందు, దెబ్బ వెనక

బెజవాడ బందరు రోడ్డులో కానూరు దాటి పోరంకి వైపు వెళ్తే ఎడాపెడా కల్యాణ మండపాలే. వాటిలో ఓ మహత్తర శాస్త్ర విప్లవం జరిగిపోయింది, పాపం ఎవరూ గుర్తించడం లేదు. సృష్టి మొదలైనప్పట్నుంచీ దెబ్బ పడ్డాకే చప్పుడు వినపడేది. ఎల్‌ఈడీ గోడల, అంటే పెళ్ళిని అప్పటికప్పుడు పెద్దగా చూపించే తెరల పుణ్యమా అని ఇప్పుడు చప్పుడయ్యాక దెబ్బ పడుతోంది.

నమ్మకపోతే ముహూర్తం వేళ పెళ్ళికొడుకుని కాకుండా ఆ గోడని చూడండి. (పెళ్ళికొడుకు ఎలాగూ కనపడడు. నలుగురు వీడియోవాళ్ళ వీపులు కనపడతాయి.) పురోహితుడు చెయ్యెత్తి "భజంత్రీలు! భజంత్రీలు!" అంటాడు. "భ" పలకాలంటే పెదవులు కలవాలి కదా? గోడ మీద పన్నెండడుగుల నోరు మాత్రం బార్లా తెరుచుకునే ఉంటుంది. అక్షరం హాలంతా తిరిగొచ్చాక తీరిగ్గా మూసుకుంటుంది. డోలు ధన్‌మంటుంది, డోలాయన కర్ర ఇంకా గాల్లోనే ఉంటుంది. మళ్ళీ ధన్, మళ్ళీ కర్ర గాల్లోనే. సన్నాయి ఒక్కటే నయం. సాగే స్వరానికి మొదలెక్కడో కంటికి చిక్కదు గనక దొరక్కుండా తప్పించుకుంటుంది.

పెళ్ళికూతురి మేనమామ ఉండబట్టలేక అడుగుతాడు: "ఏంటయ్యా, మూతికీ మాటకీ పొంతన లేదు?"

"నెట్ స్లోగా ఉందండీ," అంటాడు వీడియో అతను.

నెట్టట! చాలా కెమెరాలకీ గోడకీ మధ్య ఉన్నది కాళ్ళకి తగిలే నల్ల వైరు. ఆలస్యం ఎక్కడంటే కెమెరాలో ఒక ఫ్రేము (వీడియోలో ఒక్క బొమ్మ), ఏ కెమెరా బొమ్మ వెళ్ళాలో మార్చే స్విచ్చర్‌లో ఒకటో రెండో, గోడని నడిపే ప్రాసెసర్‌లో ఇంకొకటో రెండో. సెకనుకి 25 ఫ్రేములు, అంటే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేములు పోతే బొమ్మ 160 మిల్లీసెకన్లు వెనకబడ్డట్టే. మైకు శబ్దానికి ఈ మజిలీలేవీ లేవు, నేరుగా స్పీకర్ బాక్సులోంచి బయటపడుతుంది.

ఆరో వంతు సెకనుకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. ఆలస్యమయ్యింది ఏది అన్నదే ఇక్కడ అసలు గొడవ. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు నడుస్తుంది, అంటే మీటరుకి 3 మిల్లీసెకన్లు. కృష్ణ ఒడ్డున వంద మీటర్ల అవతల చాకిరేవుంటే గుడ్డ బండకి తగలడం ముందు కనపడుతుంది, చప్పుడు తర్వాతొస్తుంది. శబ్దం ఆలస్యంగా రావడం మెదడుకి పుట్టినప్పట్నుంచీ అలవాటే. పైగా కంటి రెటీనా చెవి కన్నా కొన్ని పదుల మిల్లీసెకన్లు నిదానం. ఈ రెండు లోట్లూ ఒకదానికొకటి సరిపోయేది సుమారు 10 మీటర్ల దూరంలో. మిగతా చోట్ల మెదడే సర్దుకుంటుంది. శబ్దం ముందొస్తే మాత్రం ఆ సర్దుబాటు అంత సాగదు, దానికి ప్రకృతిలో అలవాటే లేదు కాబట్టి. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసులో ఇదే ఉంది: శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే గాని జనం పసిగట్టరు, ముందొస్తే 45కే పట్టేస్తారు. ఒప్పుకోదగ్గ హద్దు వెనక్కి 185, ముందుకి 90.

ఇప్పుడు సీట్ల లెక్క చూడండి. బాక్సులకి 5 మీటర్ల దూరంలో, తెల్ల గుడ్డ కప్పిన సోఫాలో కూర్చున్న వియ్యంకుడికి శబ్దం 145 మిల్లీసెకన్లు ముందే అందుతుంది. 35 మీటర్ల వెనక, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన ప్లాస్టిక్ కుర్చీ దొరికినవాడికి ఆ తేడా 55కి తగ్గుతుంది, అంటే అతను ఒప్పుకోదగ్గ హద్దులోనే ఉన్నాడు. గోడ మీద మూతీ మాటా అచ్చంగా కలవాలంటే 54 మీటర్లు వెళ్ళాలి, పార్కింగ్‌లోకి. అక్కణ్ణుంచి గోడ కనపడదనుకోండి, అది వేరే విషయం.

"అలవాటైపోతుందిలెండి" అనే వేదాంతులున్నారు. నిజమే, ఒకే ఆలస్యం కాసేపు నిలకడగా ఉంటే మెదడు తన లెక్కని ఆ వైపు కాస్త జరుపుకుంటుంది. కానీ క్రేన్ కెమెరాది ఒక ఆలస్యం, వైర్‌లెస్ కెమెరాది ఇంకొకటి, స్టాండు మీదున్నదానిది మరొకటి. పది సెకన్లకోసారి మారుస్తుంటే దేనికని అలవాటు పడాలి?

మందు కష్టమైందేం కాదు. కెమెరా ముందు ఒకడు చప్పట్లు కొట్టాలి. అతనూ గోడా రెండూ పడేలా ఫోన్లో 240 ఫ్రేముల స్లో మోషన్ తియ్యాలి. అతని చేతులు కలిసిన ఫ్రేము నుంచి గోడ మీద చేతులు కలిసే ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. 38 వస్తే దాదాపు 160 మిల్లీసెకన్లు. మైకులన్నీ కలిసే డిజిటల్ మిక్సర్‌లో అవుట్‌పుట్‌కి డిలే అనే గడి, అంటే బయటికెళ్ళే శబ్దాన్ని ఎన్ని మిల్లీసెకన్లు ఆపాలో చెప్పేది, ఉంటుంది. అందులో 160 కొడితే ముందు వరసలో అసలు పురోహితుణ్ణే చూసేవాళ్ళకి మాట మరీ వెనకబడుతుంది గనక 100 పెట్టి ఇద్దరికీ సర్దాలి. పురోహితుడి పక్క బాక్సుకి మాత్రం పెట్టకూడదు. తన గొంతు తనకే 200 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఆలస్యంగా వినపడితే ఎంతటివాడికైనా నాలుక తడబడుతుంది, మంత్రం మధ్యలో ఆగుతుంది.

మొత్తం పని పది నిమిషాలు. దానికి బదులు మనవాళ్ళు చేసేది వాల్యూమ్ పెంచడం.

ఇక్కడ మాత్రం నవ్వు రాదు. ఆ మూడో వరసలో చెవి మందగించిన నాయనమ్మ ఉంటుంది. ఆవిడ సగం మాటలు వినేది మన పెదవుల మీంచే. రొదలో మాట్లాడేవాళ్ళ మొహం కనపడితే ఆ రొద 15 డెసిబెల్స్ దాకా తగ్గినంత మేలని సంబీ, పోలక్ అనే పరిశోధకులు 1954లోనే లెక్క తేల్చారు. చెవికి "బ" వినిపిస్తూ "గ" అనే పెదవులు చూపిస్తే చాలామందికి "ద" వినపడుతుందని మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు 1976లో చూపించారు. అంటే తప్పు మూతి చూపిస్తే సరైన మాట కూడా చెడుతుంది. ఆవిడకున్న ఒక్క ఊతకర్రనీ పన్నెండడుగుల ఎత్తున విరిచి చూపించి, పైగా "మామ్మగారికి వినపడదండీ" అంటారా? వినపడకుండా చేసిందెవరు? లక్షలు పోసి గోడ కట్టించినవాళ్ళకి మిక్సర్‌లో ఒక అంకె మార్చించే తీరిక లేదా? ఆవిడ పెళ్ళంతా తల వంచుకుని అక్షింతల గిన్నె చూస్తూ కూర్చుంటే పెద్దతనమని సరిపెట్టుకుంటారు!

మర్నాడు బిల్లొస్తుంది. ఎల్‌ఈడీ గోడలు రెండు, క్రేన్ ఒకటి, డ్రోన్ ఒకటి, పొగ యంత్రం ఒకటి. మిక్సర్‌లో ఆ గడి మాత్రం కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది, సున్నా దగ్గర, పైన రవ్వంత పసుపు అంటుకుని.