టెక్సాస్ విభజన ఇక వాయిదా వేయరాదు

1845లో టెక్సాస్‌ను అమెరికాలో కలుపుకుంటూ ఆ దేశ కాంగ్రెస్ చేసిన తీర్మానంలో ఒక వెసులుబాటు ఉంది. ఆ రాష్ట్రం ఒప్పుకుంటే దాని నేలలోంచి మరో నాలుగు రాష్ట్రాల దాకా పుట్టించుకోవచ్చు. అంటే మొత్తం అయిదు! ఇలాంటి వరం చేతిలో పెట్టుకుని 180 ఏళ్లుగా ఒక్క బంద్ లేదు, ఒక్క నిరాహార దీక్ష లేదు. విభజనలో అంతో ఇంతో అనుభవమున్న జాతిగా, ఒక సంఘాన్ని నాలుగు చేసుకోవడంలో అమెరికాలోనూ చేయి తిరిగినవాళ్లుగా, తెలుగువాళ్లమే చొరవ తీసుకోక తప్పదు.

ఆ రాష్ట్రం దాదాపు 7 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలనూ అందులో రెండేసిసార్లు పరిచినా తెలంగాణ మళ్లీ పట్టేంత చోటు మిగులుతుంది. పడమటి కొసనున్న ఎల్ పాసోకు సొంత రాష్ట్రంలోని హ్యూస్టన్ కంటే కాలిఫోర్నియాలోని శాన్ డియాగోయే దగ్గర. అక్కడ గడియారం కూడా వేరే. కరెంటు వాళ్లయితే విభజన ఎప్పుడో కానిచ్చేశారు: 2021 ఫిబ్రవరి మంచుకు రాష్ట్రంలో అత్యధిక భాగం చీకట్లో వణికిపోతే, వేరే గ్రిడ్‌లో ఉన్న ఎల్ పాసోలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

ఇంత నేలలో మనవాళ్లు చూసేది డల్లాస్ చుట్టుపక్కలి ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, వాటి మధ్య టోల్ రోడ్లు. పాపం, వాళ్లని అనడానికి లేదు. ఆ ప్రాంతమంతా నల్లరేగడి, ఒకప్పుడు పత్తికి పెట్టింది పేరు. గుంటూరు జిల్లాలో పత్తి చేను అమ్మి కొడుకుని అమెరికా పంపితే, అతగాడు వెళ్లివెళ్లి ఇంకో పత్తి నేల మీదే ఇల్లు కొన్నాడు. ఎండాకాలం ఆ మట్టి బీటలు వారితే పునాది కదిలిపోతుందని ఇంటి చుట్టూ పైపు పరిచి నీళ్లు పెడుతుంటాడు. నాన్న పైరుకు పెట్టిన నీళ్లు, కొడుకు గోడకు పెడుతున్నాడు. వ్యవసాయం మన రక్తంలోంచి పోలేదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

సరే, పంపకానికి వద్దాం. తూర్పున పైన్ అడవులు, కాడో సరస్సులో నాచు వేలాడే సైప్రస్ చెట్లు, వాటి కింద మొసళ్లు: అదొక రాష్ట్రం. గాల్వెస్టన్ తీరానికి ఉక్కపోతే ప్రాతిపదికగా ఇంకొకటి. ఉత్తరాన పాన్‌హ్యాండిల్ చాప పరిచినంత చదునుగా ఉంటుంది గానీ, పాలో డ్యూరో దగ్గర నేల ఉన్నట్టుండి లోయలోకి దిగిపోతుంది. నడుమ సున్నపురాయి కొండల హిల్ కంట్రీ, పడమట ఎడారి. దక్షిణాన రియో గ్రాండ్ వ్యాలీ అని ఒకటుంది; పేరుకే లోయ, చూడబోతే నదీమైదానం. దాన్ని ఎవరికి కలపాలో ఒక కమిషన్ వేద్దాం.

అసలు పేచీ ఆస్తుల దగ్గర. పశ్చిమ ఎడారిలోని 21 లక్షల ఎకరాల విశ్వవిద్యాలయ భూముల చమురు సొమ్ము, ఎక్కడో ఆస్టిన్‌లోనూ కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లోనూ ఉన్న వర్సిటీల నిధికి పోతోంది. మన విభజన చట్టంలో ఆస్తుల పేచీ తెచ్చిన తొమ్మిదో, పదో షెడ్యూళ్లు చదివినవాళ్లకు దీని రుచి వేరే చెప్పాలా? పైగా ఆ చమురు 25 కోట్ల ఏళ్లకు పైబడిన పాత సముద్రం చలవ. రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన, 8,700 అడుగులు దాటిన గ్వాడలూప్ శిఖరం కూడా ఆ సముద్రపు దిబ్బలోని ముక్కే. సముద్రమంటే తమదేనని తీరప్రాంతం వాళ్లు కోర్టుకెక్కరన్న నమ్మకం నాకు లేదు. శాన్ ఆంటోనియోలోని అలమో కోటను వదులుకోమంటే మాత్రం, అక్కడ మెక్సికో సైన్యంతో జరిగిన 1836 యుద్ధం మళ్లీ మొదలవుతుంది. దాన్ని ముట్టుకోవద్దు.

ఆస్టిన్ పదేళ్లపాటు ఉమ్మడి రాజధానిగా ఉంటుంది. పదేళ్లూ ఎవరూ అక్కడ ఉండరు, అది వేరే సంగతి. జెండా గురించి బెంగ అక్కర్లేదు. ఉన్నది ఒంటి నక్షత్రమే అయినా దానికి కొనలు అయిదు, తలా ఒకటి ఇచ్చేయొచ్చు. పై కొన ఎవరిదన్నది ట్రిబ్యునల్ తేలుస్తుంది.