నెయిల్ పాలిష్ రిమూవర్‌తో కడగొద్దు మహాప్రభో

ఈ నెలలో ఈ వాట్సాప్ ఫార్వర్డ్ రావడం పదకొండోసారి. మొదట మా రైలు పిచ్చోళ్ల గ్రూపులో వచ్చింది, తర్వాత కాలేజీ గ్రూపులో. నిన్న ఏకంగా మా మేనత్త పంపింది, "నీకు ఇష్టం కదా నాన్నా" అని ఒక ముక్క చేర్చి మరీ. ఫోటో అదే. రెండంతస్తుల బొమ్మ రైలు వ్యాగన్, దాని మీద బుల్లి కార్లు, పక్కన ట్రయాంగ్ హార్న్‌బీ అని రాసున్న అట్టపెట్టె.

కింద ఉన్న మెసేజ్ సారాంశం ఇది. ఈ బొమ్మ 1938 నాటిది. ప్రపంచంలోనే మొట్టమొదటి కార్ల రైలైన కార్టిక్-4కి అచ్చుగుద్దిన నమూనా. నాలుగు కార్లు పట్టేవి కాబట్టి దానికా పేరు. ప్రయాణికులు తమ కార్లలోనే కూర్చుని ఊళ్లకు వెళ్లేవారు. దీన్ని చూసే మన రైల్వే కూడా కార్ల రైళ్లు మొదలుపెట్టింది. ఇలాంటిది మీ ఇంట్లో ఉంటే నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచి, కొత్త రంగు వేసి అమ్మండి, లక్షలొస్తాయి. పది మందికి పంపండి.

పంపారు.

1938 సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. ట్రయాంగ్ వేరు, హార్న్‌బీ వేరు, రెండూ బ్రిటన్ బొమ్మ రైళ్ల పేర్లే. ట్రయాంగ్ యజమానులైన లైన్స్ బ్రదర్స్ 1964లో హార్న్‌బీని చేసే మెకానో కంపెనీని కొన్నారు. రెండు పేర్లూ కలిసిన పెట్టె 1965 నుంచి కనిపిస్తుంది. 1972కల్లా హార్న్‌బీ రైల్వేస్ అయిపోయింది. ఆ పేరుతో 1938 నాటి పెట్టె ఎవరి దగ్గరైనా ఉంటే వ్యాగన్ పక్కన పెట్టి పెట్టెనే అమ్ముకోండి.

మొట్టమొదటిది అన్నదీ నిలవదు. బ్రిటన్ వాళ్ల కార్టిక్-4 వచ్చింది 1960ల మధ్యలో. జర్మనీలో, కెనడాలో రెండంతస్తుల కార్ల వ్యాగన్లు 1950ల్లోనే తిరుగుతున్నాయి. 1960 వచ్చేసరికి అమెరికా వాళ్లు మూడో అంతస్తు కూడా వేశారు.

ఇక "అచ్చుగుద్దిన నమూనా". ఇక్కడ మన భాష కూడా కొంచెం దెబ్బకొట్టింది. మనం బోగీ అంటే మనుషులు కూర్చునే పెట్టె. రైల్వే వర్క్‌షాపులో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. కార్టిక్-4 అంటే నాలుగు వ్యాగన్లు, ఐదు బోగీలు. పక్కపక్క వ్యాగన్ల చివరలు రెండూ ఒకే చట్రం మీద కూర్చుంటాయి. పేరులోని 4 ఆ వ్యాగన్ల లెక్క, కార్ల లెక్క కాదు. ఇప్పుడు ఫోటో చూడండి. ఒంటరి వ్యాగన్, దాని కింద సొంతంగా రెండు బోగీలు. లెక్కపెట్టడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

పైగా ఆ కాలపు ట్రయాంగ్ బొమ్మ 371 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు తిరగాలి. భోజనాల బల్ల మీద పట్టాలు పరిచి ఆడుకునే పిల్లల కోసం చేసింది మరి. ఈ బొమ్మలు అసలు దాంట్లో 76వ వంతు, కాబట్టి దాన్ని 76తో హెచ్చిస్తే 28 మీటర్లు. అసలు కార్ల రైలుని అంత వంపులో తిప్పితే పట్టాల మీద ఉండదు, పొలంలో ఉంటుంది. అందుకే బొమ్మలో పొడవు తగ్గిస్తారు, చక్రాలు లోపలికి జరుపుతారు. అది తప్పేం కాదు, బొమ్మ అన్నాక అంతే. అచ్చుగుద్దినట్టు అనకండి, చాలు.

ప్రయాణికులు కార్లలో కూర్చునేవారట! కార్టిక్ ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు మోసిన రైలు. వాటికి ఇంకా ఓనర్లే లేరు. సొంత కారు వెంట తీసుకెళ్లే రైళ్లు వేరు. బ్రిటన్‌లో 1955లో లండన్ కింగ్స్ క్రాస్ నుంచి పెర్త్‌కి ఒకటి మొదలైంది. 1966లో ఇలాంటి వాటన్నిటికీ మోటోరైల్ అని పేరు పెట్టారు. వాటిలో కారు వ్యాగన్‌లో, మనిషి సీట్లోనో స్లీపర్ బెర్తు మీదో. కార్లోనే కూర్చుని రైలెక్కాలని ఉంటే స్విట్జర్లాండ్‌లో లోచ్‌బెర్గ్ సొరంగం ఉంది, ఇంగ్లిష్ ఛానల్ కింద షటిల్ ఉంది. అక్కడికి వెళ్లండి.

ఇంతవరకూ అజ్ఞానం. నవ్వి వదిలేయొచ్చు. నాకు ఒళ్లు మండింది రిమూవర్‌తో తుడవమన్న వాక్యం దగ్గర.

మా గ్రూపులో రిటైర్డ్ గార్డు గారు ఒకరున్నారు. ఆయన బావమరిది డెబ్బైల్లో లండన్ నుంచి తెచ్చిన కార్ల వ్యాగన్ ఆయన షోకేస్‌లో ఇన్నేళ్లూ క్షేమంగా ఉంది. పోయిన ఆదివారం వీడియో కాల్ చేశారు. "బాబూ, కాస్త మెత్తబడినట్టుంది, ఆరితే గట్టిపడుతుందా?" అన్నారు. కెమెరా దగ్గరికి పెట్టారు. పై అంతస్తు ఒక మూల తడిసిన అప్పడంలా వంగిపోయింది. దూది పోగులు ప్లాస్టిక్‌లో కూరుకుపోయాయి. ఆయన బొటనవేలి ముద్ర గీతలతో సహా కనిపిస్తోంది. పక్కన ఉన్న అక్షరాలు కాటుక చెరిగినట్టు చెరిగాయి. ఆరితే గట్టిపడుతుంది గార్డు గారూ, ఆ వంకరతోనే, ఆ వేలిముద్రతోనే. ఫోన్లో నాకు ఆ మాట నోట రాలేదు.

వ్యాగన్ ఒళ్లు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్. థర్మాకోల్ అంటే అదే పదార్థం, నురగలా పొంగించింది. నమ్మకపోతే పిల్లల స్కూల్ ప్రాజెక్టులో మిగిలిన థర్మాకోల్ ముక్క మీద ఒక చుక్క రిమూవర్ వేయండి. కళ్లముందే గుంట పడుతుంది. రిమూవర్‌లో ఉండే ఎసిటోన్ చేసే పని అది. "మాది ఎసిటోన్ లేని రకం అండీ" అని ఒకాయన వాదించాడు. అలాంటి వాటిలో చాలావరకు ఇథైల్ ఎసిటేట్ ఉంటుంది, అదీ ఈ ప్లాస్టిక్‌ని తింటుంది. థిన్నర్ అంతే. పెట్రోల్ అయితే సన్నటి పగుళ్లు తెస్తుంది, ఇల్లు అంటుకునే భాగ్యం అదనం.

దుమ్ము పోవాలంటే మెత్తటి కుంచె చాలు. జిడ్డుంటే గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు ఒక్క చుక్క. అక్షరాలున్న చోట రుద్దొద్దు. వేడినీళ్లు వద్దు, ఎండలో ఆరబెట్టడం వద్దు. నల్లబడిన చక్రాలు, రంగు వెలిసిన కమ్మీలు అలాగే ఉండనివ్వండి. కొనేవాడు వెతికేది ఆ పాతదనాన్నే. కొత్త రంగు వేశారంటే ఉన్న ధర కూడా పోయినట్టే. లక్షలు మాత్రం ఎలాగూ రావు. లెక్కలేనన్ని అమ్ముడైన బొమ్మ ఇది. పెట్టె, దాని మీద వచ్చే మినిక్స్ బుల్లి కార్లు ఆరూ ఉన్నా మాట్లాడేది పదుల పౌండ్లలోనే.

మన రైల్వే బొమ్మని చూసి కాపీ కొట్టిందన్న ముక్కని కూడా ఉతికేద్దామనే కూర్చున్నాను. చేయి ఆగింది. గేటు దగ్గర ఆగినప్పుడు కిటికీలన్నీ రేకుతో మూసేసిన పాత పెట్టెల రైలు చూసే ఉంటారు. అవి ఎన్‌ఎంజీ వ్యాగన్లు. ప్రయాణికుల సర్వీసు నుంచి తప్పించిన ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల ఫ్యాక్టరీ) పెట్టెల్లో సీట్లు పీకేసి, చివర తలుపులు పెట్టి, కార్లని ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిపించుకుంటూ వెళ్లేలా మార్చినవి. బ్రిటన్‌లో కార్‌ఫ్లాట్లు కూడా దాదాపు ఇంతే. పాత ప్రయాణికుల పెట్టెల పైభాగం తీసేసి, మిగిలిన చట్రం మీద కార్లు ఎక్కించారు. అదీ మనకంటే చాలా ముందు. బొమ్మని చూసి కాదు గానీ, రిటైరైన పెట్టెకి కార్లు మోసే ఉద్యోగం ఇవ్వడంలో వాళ్లే ముందు. ఆ ఒక్క లైను రాసినవాడికి, తెలిసి రాశాడో తెలియక రాశాడో, సగం మార్కు.

గార్డు గారి కార్లు బతికాయి. తుడిచే ముందు వాళ్లావిడ వాటిని స్టీలు గిన్నెలో తీసి పెట్టారట. నా వ్యాగన్‌కి ఐదే ఉన్నాయి, మోరిస్ 1100 ఎప్పుడో పోయింది. ఆయన గిన్నెలో అది కనిపించింది. ఇస్తారా అని అడగాలనే ఉంది. ఇప్పుడే అడిగితే బాగోదు, దసరా దాకా ఆగుతాను.