మ్యుటేషన్ సంగతి సరే, మన జ్వరాల సంగతేంటి?

ఎలుకల వైరస్ అనే మాట వార్తల్లోకి రాగానే చర్చంతా మ్యుటేషన్ చుట్టూనే, అంటే వైరస్ జన్యువులో వచ్చే మార్పుల చుట్టూనే తిరుగుతుంది. 2020 మార్చిలో చైనాలో ఒకాయన బస్సులో వెళ్తూ చనిపోయాడు. పరీక్ష చేస్తే ఎలుకల నుంచి సోకే హంటావైరస్ అని తేలింది. అసలే కరోనా టెన్షన్, ఇక మన ఫోన్లలో ‘ఇంకో కొత్త వైరస్’ అంటూ ఒకటే హడావుడి. అది కొత్తదేమీ కాదు. ఆ కుటుంబంలో ల్యాబుకు మొదట చిక్కిన వైరస్ దొరికిన చోటు మనకు మరీ దూరమూ కాదు. చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే తమిళనాడు వెల్లూరులో, తొట్టపాళయంలో, 1964లో ఒక చుంచెలుక నుంచి దాన్ని వేరు చేశారు. ఆ ఊరి పేరే పెట్టారు. కొరియాలో లీ హో వాంగ్ అనే శాస్త్రవేత్త పొలం ఎలుక ఊపిరితిత్తుల్లో హంటాన్ వైరస్‌ను పట్టుకున్నది ఆ తర్వాతే, 1976లో.

చుంచెలుక అని అంటాం కానీ, ఇళ్లలో గోడ వారగా కంపు కొడుతూ పరుగెత్తే ఆ పొడుగు మూతి జీవి అసలు ఎలుక జాతే కాదు. అందుకే దానిలోకి ఏ ఎలుక నుంచో వైరస్ వచ్చి పడి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 2007లో జన్యువు మొత్తం చదివితే అది విడిగా, ఎప్పుడో చీలిపోయిన పాత శాఖ అని తెలిసింది. తర్వాత గబ్బిలాల్లోనూ ఇలాంటివి బయటపడ్డాయి. ఒక్కో వైరస్ తన ఎలుకను మాత్రమే అంటిపెట్టుకుని లక్షల ఏళ్లుగా వస్తోందన్న నమ్మకం అక్కడితో సడలింది. జాతి మారడం జరుగుతుంది, కాకపోతే యుగాల లెక్కలో.

హంటా వైరస్‌లకు కాపీ చేసుకునేటప్పుడు దొర్లే తప్పుల్ని సరిచూసే ఏర్పాటు లేదు. దానికి తోడు వాటి జన్యువు మూడు ముక్కలు. రెండు వైరస్‌లు ఒకే కణంలో పడితే ముక్కలు మార్చుకోగలవు. ఇంత మార్పు నడుస్తున్నా అందులో ఎక్కువ భాగం వైరస్‌కే చేటు, ఎందుకంటే తన ఎలుకలో అది ఇప్పటికే బాగా కుదురుకుంది. ఎలుకకు జబ్బు కనిపించదు. నెలల తరబడి మూత్రంలో, పెంటికల్లో, లాలాజలంలో వైరస్ బయటికొస్తూనే ఉంటుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం కాదది. మనిషి ఒంట్లోకి వస్తేనే కిడ్నీలకో ఊపిరితిత్తులకో ముప్పు.

మనిషిలోకి రావాలంటే మారి తీరాలన్న రూలు కూడా లేదు. అర్జెంటీనాలో మొక్కజొన్న కోత కూలీలను పట్టుకున్న జునిన్ అనే ఎలుకల వైరస్ (ఇది హంటా కాదు, అరీనా అనే వేరే కుటుంబం), కణంలోకి ఇనుము చేర్చే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ గుండా దూరుతుంది. ఆ ప్రోటీన్ ఎలుకకూ ఉంది, మనకూ ఉంది. మనది జునిన్‌కు సరిపోయింది. అదే అరీనా కుటుంబంలోని అమపారి వైరస్‌కు సరిపోలేదు, అందుకే దానివల్ల మనకు జబ్బు లేదు. తేడా ఒకటి రెండు అమైనో ఆమ్లాల దగ్గర ఉంటుంది. ఇదే జునిన్‌ను చిట్టెలుక పిల్లల మెదడులో 44 సార్లు పెంచితే మనిషి మీద దాని పదును పోయింది. 1991 నుంచి అర్జెంటీనాలో వేస్తున్న టీకా అలా పుట్టిందే. మ్యుటేషన్ అనగానే గుండెలు బాదుకునే యాంకర్లకు ఈ ముక్క ఎవరైనా చెప్పాలి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాచకూడదు. ఆండీస్ రకం హంటా మనిషి నుంచి మనిషికి పాకుతుంది. అర్జెంటీనాలోని ఎపుయెన్ అనే చిన్న ఊళ్లో 2018 చివర ఒక పుట్టినరోజు వేడుకతో మొదలై 34 మందికి సోకింది, 11 మంది చనిపోయారు. అప్పుడు కూడా వైరస్‌ను చదివితే 1996లో ఆ ప్రాంతంలోనే చూసిన రకానికి చాలా దగ్గరగా ఉంది. అడ్డుకట్ట వేసింది కొత్త మందేమీ కాదు, జబ్బు పడ్డవాళ్లను, వాళ్లను కలిసినవాళ్లను విడిగా ఉంచడం. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలోనూ ఉన్నట్టుండి వైరస్ మారిపోలేదు. వానలు బాగా పడి తిండి దొరికేసరికి ఎలుకలు పెరిగాయి, ఇళ్లలోకి చేరాయి.

ఈ లెక్కన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చూడాల్సింది మనిషీ ఎలుకా కలిసే చోట్లు. పెన్నా డెల్టాలో కోతలయ్యాక, ఎడగారు పంట మొదలయ్యే లోపు, గట్ల మీద పందికొక్కుల కన్నాలు తవ్వే యానాదులను గమనించండి. కుండలో గడ్డి ముట్టించి, కన్నానికి ఆనించి, నోటితో పొగ ఊదుతారు. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి ఎలుకనూ, అది దాచుకున్న వడ్లనూ బయటికి లాగుతారు. గ్లౌజు లేదు, మాస్కు లేదు. ఒంగోలు వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు నెలల పాటు మూతబడి ఉంటాయి. సీజన్ ముందు తలుపు తీసి, గొట్టాల కింద ఎండిపోయిన పెంటికల్ని చీపురుతో ఊడ్చేస్తారు. హంటా లాంటిది సోకడానికి ఆ దుమ్ము పీల్చడమే ప్రధాన దారి. ముందు తలుపులన్నీ తీసి అరగంట గాలి ఆడనిచ్చి, బ్లీచింగ్ నీళ్లు చల్లి, ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. పెద్దగా ఖర్చు లేని పనే, చెప్పేవాళ్లే లేరు.

వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి పరిశోధకులు గోదాముల కూలీల్లోనూ, ఎలుకలు పట్టే ఇరుళర్ గిరిజనుల్లోనూ వెతికి, కొందరి రక్తంలో హంటా యాంటీబాడీలు చూశారు. ఇరుళర్లు చేసే పనే మన యానాదులూ చేస్తున్నారు. మన దగ్గర జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పే క్రియాటినిన్ పెరగడం కనిపిస్తే డెంగీ చూస్తారు, ఓపికుంటే లెప్టో (లెప్టోస్పైరోసిస్), స్క్రబ్ టైఫస్ చూస్తారు. అన్నీ నెగెటివ్ వస్తే ‘విషజ్వరం’ అని చీటీలో రాసేస్తారు. హంటా కూడా అచ్చం అవే లక్షణాలతో రావచ్చు. వెతకనిది లెక్కలోకి ఎలా వస్తుంది?

రైతులు ఎలుకకు ఇంత అని యానాదులకు ఎలాగూ ఇస్తున్నారు. వైద్య, పశుసంవర్ధక శాఖలు కలిసి గ్లౌజులు, మాస్కులు ఇచ్చి, పట్టిన ఎలుకల్లో కొన్నిటిని శాంపిల్‌గా కొనుక్కుంటే, వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల రక్తం కూడా పరీక్షిస్తే, రెండు పంటకాలాలు తిరిగేసరికి ఈ జిల్లాల్లో ఏముందో తేలుతుంది. మ్యుటేషన్ల మీద చర్చ అప్పుడు పెట్టుకోవచ్చు, ఏ వైరస్ గురించి మాట్లాడుతున్నామో తెలిసి.