దొరకని గురువు, ఆరు పొజిషన్లు

ఫ్రాన్స్వా రబ్బాత్ 1955లో పారిస్ వెళ్లింది ఎడువార్ నానీ అనే డబుల్ బాస్ (వయొలిన్ లాంటిదే, మనిషంత ఎత్తుండే వాద్యం) గురువును వెతుక్కుంటూ. రబ్బాత్ 1931లో సిరియాలోని అలెప్పోలో పుట్టారు. పదమూడేళ్లప్పుడు సోదరుడు ఇంటికి తెచ్చిన డబుల్ బాస్ ఆయన చేతికి చిక్కింది. తర్వాత బేరూత్‌లో ఒక టైలర్ షాపులో నానీ రాసిన పాఠాల పుస్తకం కంటబడింది. అది ఫ్రెంచిలో ఉంది. ఈయనకు ఫ్రెంచీ రాదు, స్వరలిపీ రాదు. ఆ పుస్తకంతోనే కుస్తీ పట్టి, డబ్బు కూడబెట్టుకుని పారిస్ చేరేసరికి నానీ కన్నుమూసి ఏళ్లు గడిచిపోయాయి.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇందులో అదృష్టమే కనిపిస్తుంది. నానీ దొరికి ఉంటే రబ్బాత్ ఆయనకు మంచి శిష్యుడు అయ్యేవారేమో. దొరకలేదు కాబట్టి, ఎడమచేయి ఎక్కడ పెట్టాలి, ఎలా కదపాలి అన్నది మొదటి నుంచీ తనే తేల్చుకోవాల్సి వచ్చింది.

డబుల్ బాస్‌కు అది చిన్న ప్రశ్న కాదు. వయొలిన్ తీగలో మోగే భాగం 33 సెంటీమీటర్ల దాకా ఉంటే, దీనిలో సుమారు 105 ఉంటుంది. వయొలిన్ మీద చేయి కదపకుండా నాలుగు వేళ్లతో స నుంచి మ దాకా అందుకోవచ్చు. డబుల్ బాస్ కింది స్థాయిలో స నుంచి రి దాటితే చేయి జరపాల్సిందే. అందుకే వియన్నాలో పాఠాలు చెప్పిన ఫ్రాంజ్ సిమాండ్ల్ ఫింగర్‌బోర్డును (తీగలు నొక్కే పలకను) చిన్నచిన్న పొజిషన్లుగా, అంటే చేయి నిలిపే చోట్లుగా, కోశారు. ఉంగరం వేలు విడిగా స్వరం నొక్కదు, చిటికెన వేలికి ఊతంగా ఉంటుంది. ఆయన 1912లో పోయారు. ఆయన రాసిన పాఠాల పుస్తకం మాత్రం విద్యార్థుల స్టాండ్ల మీద ఇంకా ఉంది.

సిమాండ్ల్ కంటే డొమెనికో డ్రాగొనెట్టి చాలా పెద్ద స్టార్. 1799లో వియన్నాలో బీథోవెన్ చెల్లో సొనాటాను డబుల్ బాస్ మీద వాయించి ఆ మహానుభావుణ్నే ఆశ్చర్యపరిచారు. కానీ 1846లో డ్రాగొనెట్టితో పాటే ఆ వేళ్ల రహస్యమూ చాలావరకు పోయింది. అద్భుతంగా వాయించడం వేరు, దాన్ని ఇంకొకరి చేతికి అందేలా విడమర్చడం వేరు.

రబ్బాత్ రెండూ చేశారు. అజ్నవూర్ లాంటి గాయకుల వెనక వాయించారు, 1963లో సోలో రికార్డు తెచ్చారు, తర్వాత పారిస్ ఒపేరా ఆర్కెస్ట్రాలోనూ కూర్చున్నారు. అయినా నా లెక్కలో ఆయన అసలు పని కొత్త టెక్నిక్ మీద రాసిన సంపుటాలే. తీగను నొక్కకుండా వేలు తాకిస్తే సహజంగా పలికే హార్మోనిక్‌లను గుర్తులుగా పెట్టుకుని, ఫింగర్‌బోర్డు మొత్తాన్ని ఆరు పొజిషన్లకు తెచ్చారు. బొటనవేలు ఉన్నచోటే ఉంటుంది, దాని ఆసరాతో చేయి అటూ ఇటూ ఒరిగి స్వరాలు అందుకుంటుంది. వాద్యాన్ని నేల మీద నిలిపే కాడను, అంటే ఎండ్‌పిన్‌ను, కూడా వంపుగా పెట్టించారు. దాంతో వాద్యం వెనక్కి వాలి, బరువు మోసే పని ఎడమచేతికి తప్పుతుంది. డబుల్ బాస్ సోలో వాద్యం కాదని అన్నవాళ్లలో కొందరిదైనా ఆడలేక మద్దెల ఓడన్న సామెతే అనిపిస్తుంది ఇదంతా చూస్తే.

సిమాండ్ల్ పాతబడ్డారని మాత్రం అనను. ఆర్కెస్ట్రా ఆడిషన్‌లో బీథోవెన్ ఐదో సింఫనీలోని ఆ పరుగులు తడబడకుండా వాయించాలంటే ఆయన క్రమశిక్షణ ఇప్పటికీ పనికొస్తుంది. చాలామంది టీచర్లు రెండు పద్ధతులూ కలిపి చెబుతారు. చిక్కల్లా ఆరు పొజిషన్లను వేదవాక్కులా పట్టుకునే వీరాభిమానులతోనే. రబ్బాత్ శిష్యుడు రెనో గార్సియా-ఫోన్స్ అలా ఆగిపోలేదు. ఐదో తీగ వేసుకుని, గురువు వెళ్లని దారిలో వెళ్లారు.

ఇప్పుడు రబ్బాత్ పద్ధతిని నేర్పడానికి డిప్లొమా కూడా ఉంది. గురువు దొరకని మనిషి కనిపెట్టిన పద్ధతికి!