హార్డ్ డిస్క్‌ని ఫ్రీజర్‌లో పెట్టమనే మెసేజ్: ఒక్కో మాటకీ జవాబు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి మళ్లీ ఆ మెసేజ్ వచ్చింది. మాటలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ సారం ఒకటే: "హార్డ్ డిస్క్ పాడైందా? షాపుకి వెళ్లి వేలు తగలేయకండి. కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. తెల్లారి చెక్‌డిస్క్ కొట్టండి. ఫార్మాట్ చేయమని అడిగితే ఓకే అనండి. తర్వాత ఫ్రీ రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే ఫైళ్లన్నీ 100 శాతం వెనక్కొస్తాయి. ఏ డిస్క్‌కైనా పనిచేస్తుంది."

కిందటిసారి ఇది వచ్చినప్పుడు నేను చూసి ఊరుకున్నాను. మా బాబాయ్ ఊరుకోలేదు, చేసి చూశాడు. అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నాను.

ముందు ఇందులో నిజమున్న ముక్క చెప్పాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డేటా వెనక్కి తేవడం అబద్ధమేమీ కాదు. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన జీఎన్‌యూ డీడీరెస్క్యూ, క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ మూడూ పైసా ఖర్చు లేనివి. డబ్బు కట్టి కొనే చాలా సాఫ్ట్‌వేర్ల కన్నా నేను వీటినే నమ్ముతాను. గొడవంతా వాడే వరసలోనే. మెసేజ్ చెప్పిన వరసలో పోతే వీటి దాకా వచ్చేసరికి ఏరుకోవడానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఫ్రీజర్ సంగతి. హార్డ్ డిస్క్ లోపల డేటా ఉండే గుండ్రటి పళ్లెం, దాన్ని చదివే హెడ్ ఉంటాయి. పాతకాలపు డ్రైవ్‌లలో కొన్నింటికి హెడ్ వెళ్లి పళ్లేనికి అతుక్కుపోయే జబ్బు ఉండేది. చల్లబెడితే ఒక్కోసారి విడిపోయేదని అప్పటివాళ్లు చెప్పుకునేవారు. ఇప్పటి ల్యాప్‌టాప్ డ్రైవ్‌లు ఆగినప్పుడు హెడ్‌ని పళ్లెం బయటికి తెచ్చి పెట్టుకుంటాయి. పనిచేసేటప్పుడు ఆ హెడ్ పళ్లెం మీద కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. తలవెంట్రుక మందం దానికి వేల రెట్లు. ఫ్రీజర్ నుంచి తీసిన చల్లని డిస్క్‌కి మన ఊళ్ల గాలి తగిలితే ఏమవుతుందో, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా చూస్తే తెలుస్తుంది. అలాంటి చెమ్మ పళ్లెం మీద పడితే హెడ్ వెళ్లి దాన్నే కొట్టుకుంటుంది.

విండోస్‌తోపాటే వచ్చే డిస్క్ తనిఖీ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్ అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే అది మంచి సలహాలాగే వినిపిస్తుంది. దాని పని ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో రాసుకునే ఏర్పాటు) లెక్కలు సరిచేయడం, మీ ఫోటోల్ని కాపాడటం కాదు. సరిచేయమని కమాండ్ వెనక స్లాష్ ఎఫ్ (/f) పెడితే, లెక్క కుదరని చోట ఆ పాడైన డిస్క్ మీదే రాస్తుంది. ఏ ఫైలుదో తేలని ముక్కల్ని ఒక ఫోల్డర్లో సీహెచ్‌కే ఫైళ్లుగా పడేస్తుంది. స్లాష్ ఆర్ (/r) కూడా జతచేస్తే డిస్క్ మొత్తాన్నీ సెక్టార్ సెక్టార్‌గా, అంటే చిన్న చిన్న గడులుగా చదివిస్తుంది. ఒంట్లో బాగున్న డిస్క్‌కి పర్లేదు. కొనఊపిరితో ఉన్నదానికి అదే ఆఖరి పరుగు.

బాబాయ్‌ది 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్. మా చెల్లి ఓణీల ఫంక్షన్ ఫోటోలు, వీడియో అన్నీ అందులోనే. ఫోల్డర్ తెరవడానికి నిమిషం పట్టేది, కొన్ని ఫోటోలు సగం వచ్చి కింద బూడిదరంగుగా ఆగిపోయేవి. అంటే అప్పటికి చాలా భాగం చదవడానికి వస్తూనే ఉంది. ఫ్రీజర్ జోలికి పోలేదు గానీ రాత్రి చెక్‌డిస్క్ పెట్టి పడుకున్నాడు. పొద్దున నేను వెళ్లి డిస్క్ చెవి దగ్గర పెట్టుకుంటే టిక్, టిక్, టిక్. కాసేపు ఆగి మళ్లీ టిక్. ఆ మధ్యాహ్నానికి కంప్యూటర్‌కి అది కనిపించడమే మానేసింది.

ఆ రాత్రి చేయాల్సింది వేరు. పాడైన డిస్క్ మొత్తాన్ని ఇంకో మంచి డిస్క్ మీదికి కాపీ తీయాలి. డీడీరెస్క్యూ ఉన్నదే దీనికోసం. తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ ముందు చదివేస్తుంది, మొరాయించిన చోటుని దాటి పోతుంది. సులువుగా వచ్చేదంతా భద్రపడ్డాకే వెనక్కొచ్చి చెడిన చోట్లని అంచుల నుంచి కొంచెం కొంచెంగా గీరుతుంది. ఎక్కడిదాకా చదివిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఒక స్నేహితుడి 500 జీబీ ల్యాప్‌టాప్ డిస్క్‌కి ఇలాగే చేశాను. ఒక్క పూటలో 99 శాతం దాటింది, మిగిలిన ఆ కాస్తకీ రెండు రోజులు పట్టింది. అతని పాప చిన్నప్పటి వీడియోలు దాదాపు అన్నీ దక్కాయి.

విండోస్‌లోంచి కాకుండా సిస్టమ్‌రెస్క్యూ లాంటి, విండోస్ బదులు నడిచే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ని బూట్ చేసి చేయండి. కాపీ పెట్టే డిస్క్‌లో పాడైనదాని మొత్తం సైజు కన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి. కమాండ్‌లో ముందు పాడైన డిస్క్ పేరు, తర్వాతే కాపీ పేరు. తారుమారైతే ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. సైజు, సీరియల్ నంబర్ రెండుసార్లు చూసుకోనిదే నేను ఎంటర్ నొక్కను.

ఫార్మాట్ బాక్స్ వస్తే క్యాన్సిల్ కొట్టండి, అంతే. క్విక్ ఫార్మాట్ అయితే పాత డేటా చాలావరకు కింద ఉండే అవకాశం ఉంది. ఫుల్ ఫార్మాట్ అయితే విస్టా నుంచి విండోస్ డిస్క్ అంతా సున్నాలు రాసేస్తుంది. చాలాసార్లు చెడిపోయింది డిస్క్ భాగాలు ఎక్కడెక్కడున్నాయో చెప్పే పార్టిషన్ టేబులో, ఒక్కో భాగం మొదట్లో దాని వివరాలుండే బూట్ సెక్టారో అయి ఉంటుంది. టెస్ట్‌డిస్క్ దాన్ని వెతికి సరిచేయగలదు. ఆ పని కూడా కాపీ మీదే చేయాలి.

"ఫైళ్లన్నీ 100 శాతం" అనేది అబద్ధం. ఫోటోరెక్ ఫైల్ సిస్టమ్‌ని చూడదు, ఒక్కో రకం ఫైలుకీ మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి ఏరుకొస్తుంది. ఫోల్డర్లు రావు, పాత పేర్లూ సాధారణంగా రావు. ఎఫ్ అక్షరం, వెనక అంకెలు ఉన్న వేల ఫైళ్లు వస్తాయి. డిస్క్ మీద ముక్కలుగా చెదిరి ఉన్న పెద్ద వీడియోలు తరచూ తెరుచుకోవు. దొరికినవి ఎక్కడ సేవ్ చేయాలో మెసేజ్ చెప్పనే లేదు. అదే డిస్క్‌లో చేస్తే ఇంకా దొరకాల్సినవాటి మీద రాసేసినట్టే.

ఇక "ఏ డిస్క్‌కైనా". తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంటుంది, విండోస్ 7 నుంచీ వాడుకలో ఉంది. ఫైల్ డిలీట్ చేస్తే ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ డిస్క్‌కి చెప్పేస్తుంది. ఆ తర్వాత చాలా ఎస్‌ఎస్‌డీలు అక్కడ సున్నాలే చూపిస్తాయి. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్న డిస్క్‌కి పాస్‌వర్డో, 48 అంకెల రికవరీ కీనో లేకపోతే ఎంత మంచి కాపీ తీసినా తెరుచుకోదు. టిక్ టిక్ మంటున్న డిస్క్‌ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. వెంటనే కేబుల్ పీకేయండి. దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌లో అదే మోడల్ డిస్క్ నుంచి హెడ్ తీసి మార్చాల్సి ఉంటుంది. మూత ఎక్కడ తెరుస్తారో అడగండి. మామూలు టేబుల్ మీద తెరుస్తామంటే ఇవ్వకండి.

బాబాయ్ ల్యాబ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఇప్పట్లో పెట్టగలిగే డబ్బు కాదు. ఆ డిస్క్‌ని గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టాం. ఇంకోసారి పెట్టి చూద్దామా అని ఆయన అడిగినప్పుడల్లా వద్దనే చెబుతున్నాను.