‘ఇంటికో తుపాకీ’ మెసేజ్‌కు జవాబు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ కాలనీల గ్రూపుల్లో ఒక పొడవాటి మెసేజ్ తిరుగుతోంది. ఎక్కడైనా దొంగతనం జరిగిందన్న వార్త రాగానే ఎవరో ఒకరు దాన్ని మళ్లీ పెడుతున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. ఆత్మరక్షణ చట్టం ఇచ్చిన హక్కు కాబట్టి తుపాకీ లైసెన్స్ అడిగితే ఇచ్చి తీరాలట. మన ఆయుధాలు లాక్కున్నది బ్రిటిష్‌వాళ్లట, గాంధీజీ కూడా దాన్ని తప్పుపట్టారట. ఇంట్లోకి వచ్చిన దొంగను కాల్చేస్తే కేసు ఉండదట. అమెరికాలో ఇంటింటికీ తుపాకీ ఉంది కాబట్టి దొంగలు భయపడతారట. 2008లో మన అమ్మాయిల దగ్గర తుపాకీ ఉంటే వరంగల్ యాసిడ్ దాడి జరిగేదే కాదట. చివర్లో ‘ఇంటికో తుపాకీ ఉంటేనే భద్రత’ అని ముగుస్తుంది.

దీన్ని పంపుతున్నవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. 2024 నవంబర్‌లో రాయపర్తి ఎస్‌బీఐలో రాత్రిపూట దొంగలు పడి దాదాపు 19 కిలోల బంగారం ఎత్తుకుపోయినప్పుడు, బ్యాంకుకే దిక్కు లేకపోతే మన ఇంటి సంగతేంటని అందరం అనుకున్నాం. మెడలో గొలుసుతో పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లే ఆడవాళ్ల టెన్షన్ కూడా నిజమే. కానీ ఈ మెసేజ్ చూపిస్తున్న దారి ఆ భయాన్ని తీర్చదు. పైగా ఇప్పుడు లేని ప్రమాదాన్ని తెచ్చి ఇంట్లో పెడుతుంది.

ముందు హక్కు సంగతి చూద్దాం. ఆత్మరక్షణ హక్కు ఉన్న మాట నిజం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. పాత ఐపీసీలో ఇవే 96 నుంచి 106 వరకు ఉండేవి. మన ప్రాణాన్నీ, పక్కవాడి ప్రాణాన్నీ, ఆస్తినీ కాపాడుకోవచ్చని అవి చెబుతాయి. తుపాకీ దగ్గర పెట్టుకునే హక్కు ఉందని మాత్రం వాటిలో ఎక్కడా లేదు. తుపాకీకి వేరే చట్టం ఉంది, 1959 నాటి ఆయుధాల చట్టం. దాని ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. లైసెన్స్ కావాలంటే దరఖాస్తు పెట్టాలి, పోలీసు విచారణ జరగాలి, ఆయుధాన్ని జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకోవాలి, ఎందుకు కావాలో చెప్పాలి. మన దగ్గర కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్ ఆ అర్జీని చూస్తారు. ఓటరు కార్డులా వయసు రాగానే అందరికీ వచ్చేది కాదిది.

‘ఇంటికో తుపాకీ’ అన్న మాటే చట్టంలో నిలబడదు. లైసెన్స్ ఇచ్చేది మనిషికి, ఇంటికి కాదు. భర్త పేరు మీద తీసుకున్న రివాల్వర్‌ను, ఆయన డ్యూటీకి వెళ్లాక, ఏ అనుమతీ లేని భార్య చేతిలోకి తీసుకుంటే ఆ లైసెన్స్ ఆమెను కాపాడదు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వస్తుంది. మన దగ్గర అసెంబ్లీ ఎన్నికలప్పుడు, పార్లమెంటు ఎన్నికలప్పుడు ఇది చూస్తూనే ఉన్నాం. ఇక కొందరు ‘లైసెన్స్ ఎందుకన్నా, నాటు తుపాకీ దొరుకుతుంది’ అని కింద కామెంట్లు పెడుతున్నారు. దయచేసి ఆ మాట సరదాకు కూడా అనకండి. 2019 సవరణ తర్వాత శిక్షలు ఇంకా పెరిగాయి. అదే సవరణతో పెళ్లిళ్లలో, బారాత్‌లలో గాల్లోకి కాల్పులు జరిపి ఇతరులకు ప్రమాదం తెచ్చేవాళ్లకు 2 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

‘కాల్చేస్తే కేసు ఉండదు’ అన్నది ఈ మెసేజ్‌లోకెల్లా ప్రమాదకరమైన వాక్యం. చట్టం కొన్ని సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లడాన్ని కూడా మన్నిస్తుంది. చంపడానికి వచ్చినప్పుడు, అత్యాచారానికి, కిడ్నాప్‌కు, యాసిడ్ దాడికి దిగినప్పుడు ఆ మినహాయింపు ఉంది. ఆస్తి విషయంలో దోపిడీకి, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి లోపలికి రావడానికి, ఇంటికి నిప్పు పెట్టడానికి కూడా ఉంది. ఇంతవరకు మెసేజ్ రాసినాయన పక్షానే చట్టం ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ వెంటనే 37వ సెక్షన్ ఉంది. రక్షించుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు, పోలీసుల సాయం అందుకునే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు అని అది చెబుతుంది.

దీన్ని మన వీధిలో పెట్టి చూడండి. బైక్ మీద వచ్చిన ఇద్దరు గొలుసు తెంపుకుని పారిపోతున్నారు. వెనక నుంచి కాల్చితే అది ప్రాణరక్షణ అని ఏ కోర్టులో నిలబెడతారు? హనుమకొండ చౌరస్తాలో ఆ తూటా బండికి తగలకుండా పూలు అమ్ముకునే అవ్వకు తగిలితే ఎవరు జవాబు చెబుతారు? కాల్పులు జరిగి మనిషి పోయాడంటే ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, తుపాకీ సీజ్ అవుతుంది, ఫోరెన్సిక్‌కు పోతుంది, కాల్చినాయన నిందితుడిగా బోనులో నిలబడతారు. ఆత్మరక్షణ కోసమే చేశానని చూపించే బాధ్యత కూడా ఆయనదే. ప్రాణభయంలో ఉన్న మనిషి తక్కెడ పట్టి కొలిచినట్టు దెబ్బ కొట్టలేడని సుప్రీంకోర్టు చాలాసార్లు గుర్తించింది, నిజమైన కేసుల్లో మనుషులు బయటపడ్డారు కూడా. కానీ బయటపడటం వేరు, కేసే లేకపోవడం వేరు. మధ్యలో ఏళ్లు పోతాయి.

చరిత్ర పేరుతో చెప్పిన మాట మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. బ్రిటిష్ ప్రభుత్వం 1878లో ఆయుధాల చట్టం తెచ్చింది, గాంధీజీ దాన్ని గట్టిగానే తప్పుపట్టారు. కానీ ఎప్పుడు? 1918లో, మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలో చేరమని గుజరాత్‌లో పల్లెపల్లె తిరుగుతూ వేసిన కరపత్రంలో. సైన్యంలో చేరితే ఆయుధం పట్టడం నేర్చుకోవచ్చు అని చెప్పే సందర్భం అది. ఇంట్లో బీరువాలో పిస్తోలు పెట్టుకోమని ఆయన చెప్పలేదు. ఇంకో సంగతి, ఇది మన జిల్లాలవాళ్లు తెలుసుకోవాల్సింది. వరంగల్ అప్పుడు బ్రిటిష్ ఇండియాలో లేదు, నిజాం రాజ్యంలో ఉంది. ఆ చట్టం ఇక్కడి పల్లెలకు నేరుగా వర్తించేదే కాదు.

మరి ఇక్కడ తుపాకీ ఎవరి చేతుల్లో ఉండేది? గడీల్లో. 1946 జూలై 4న కడవెండిలో కర్రలు, వడిసెలలతో ఊరేగింపుగా వెళ్తున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ‘అందుకే కదా, జనం దగ్గర కూడా తుపాకులు ఉండాల్సింది’ అని ఎవరైనా అనొచ్చు. ఆ వాదనలో బలం ఉంది, దాన్ని తోసిపుచ్చను. తర్వాత రజాకార్ల దాడులు మితిమీరినప్పుడు ఊళ్లకు ఊళ్లు ఆయుధం పట్టాయి, ఆ త్యాగాన్ని తక్కువ చేసే అర్హత ఎవరికీ లేదు. కానీ అది ఊరంతా కలిసి, దళాలుగా ఏర్పడి, కాపలా కాసి చేసిన పోరాటం. ఎవరింట్లో వాళ్లు తలుపు వేసుకుని పక్కింటివాణ్ని అనుమానంగా చూస్తూ తుపాకీ పెట్టుకోవడం కాదు. కొమురయ్య పేరును ఈ వాదనకు వాడటం సరికాదు.

ఆ తర్వాతి చరిత్ర కూడా మనదే. 1978లో రైతుకూలీలు దొరలకు ఎదురుతిరిగి చేసిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ పైన ఇరవై ఏళ్లకు పైగా కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల్లో దొరల లైసెన్స్ తుపాకులు వాళ్లను కాపాడలేదు. అన్నలు, అంటే నక్సలైట్లు, ముందు అడిగింది ఆ తుపాకులనే. తుపాకీ ఉందని తెలిసిన ఇంటికే రాత్రిపూట తలుపు తట్టేవాళ్లు. శిక్షణ పొందినవాళ్ల సంగతి కూడా చూడండి. ఒకప్పుడు కరీంనగర్ ఎస్పీగా చేసిన ఉమేశ్ చంద్రను 1999 సెప్టెంబర్ 4న హైదరాబాద్ ఎస్‌ఆర్ నగర్ సిగ్నల్ దగ్గర నక్సలైట్లు కాల్చి చంపారు. కారులో గన్‌మన్ ఉన్నాడు, ఆయనా చనిపోయాడు, డ్రైవరూ చనిపోయాడు. దాడి చేసేవాడు సమయం తానే ఎంచుకుంటాడు, మొదటి తూటా అతనిది. రోజూ తుపాకీతో తిరిగేవాళ్లకే చేతికి అందనిది, నిద్రలోంచి లేచిన మనకు బీరువా తాళం తీసేలోపు ఎలా అందుతుంది?

దొంగతనాల విషయానికి వస్తే, మన కాలనీల్లో ఎక్కువ భయం తాళం వేసిన ఇళ్ల గురించే. మేడారం జాతరకో, పెళ్లికో, ఎండాకాలం సెలవులకో అందరూ వెళ్లిపోయాక వచ్చే దొంగను తుపాకీ ఏం చేస్తుంది? బంగారంతో పాటు దాన్ని కూడా ఎత్తుకుపోతాడు. అప్పటిదాకా ఇనుప రాడ్‌తో తిరిగినవాడి చేతికి మనమే తుపాకీ ఇచ్చినట్టు అవుతుంది. రాయపర్తి బ్యాంకులోనూ ఆ రాత్రి కాల్చడానికి లోపల ఎవరూ లేరు. ఊరికి వెళ్తున్నప్పుడు స్టేషన్‌లో చెప్పి వెళ్లండని పోలీసులు మొత్తుకుంటారు, అది ఖర్చు లేని పని, చేసేవాళ్లు ఎంతమంది? గేటు దగ్గర ఒక లైటు, వీధి మొత్తానికి కలిపి పనిచేసే సీసీ కెమెరాలు, ఒకరి ఇల్లు ఒకరు చూసుకునే పక్కింటివాళ్లు, 100కో 112కో వెంటనే ఫోన్ చేసే అలవాటు, వీటి గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

అమెరికా మాట. 2017 అంచనా ప్రకారం అక్కడ ప్రతి 100 మందికి 120 తుపాకులు ఉన్నాయి, అంటే మనుషులకన్నా ఎక్కువ. తుపాకీయే భద్రత ఇచ్చేటట్టయితే ప్రపంచంలోకెల్లా భద్రమైన దేశం అదే అయి ఉండాలి. 2021లో అక్కడ తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. మన ఊరికి ఈ లెక్క దూరం కాదు. 2018 జూలైలో కాన్సస్ సిటీలో ఒక రెస్టారెంట్‌లో పనిచేస్తున్న వరంగల్ విద్యార్థిని కాల్చి చంపారు. చదువుకోవడానికి పంపిన కొడుకు శవపేటికలో తిరిగొచ్చాడు. అక్కడ తుపాకీ హక్కు రాజ్యాంగంలోనే ఉంది, దాని వల్ల ప్రాణాలు దక్కించుకున్నవాళ్లూ ఉన్నారు, అందుకే అక్కడి వాదన ఇప్పటికీ తెగలేదు. కానీ అక్కడ తుపాకీ ఉంది కాబట్టి నేరం లేదు అనడం పచ్చి అబద్ధం. కొందరు స్విట్జర్లాండ్ పేరు కూడా చేరుస్తున్నారు. అక్కడి తుపాకుల్లో చాలావరకు సైనిక శిక్షణతో ముడిపడినవి, ఆ సైనికుల దగ్గర ఇళ్లలో ఉండే తూటాలను కూడా 2007 తర్వాత ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

ఆ 48,830 మందిలో సగానికి పైగా ఆత్మహత్యలు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ సంగతి. పత్తి రైతుల చావులు చూసిన జిల్లా మనది. ఏదో ఒక కోపంలో, అప్పుల బాధలో తొందరపడిన ఎంతోమందిని ఇంటివాళ్లు ఎత్తుకుని ఎంజీఎం దవాఖానకు పరుగెత్తారు, కొందరు బతికారు, పిల్లలను పెంచుకుంటున్నారు. తుపాకీ ఆ పరుగుకు సమయం ఇవ్వదు. పరీక్ష ఫెయిలైన పిల్లవాడు, మందు తాగి ఇంటికొచ్చిన తండ్రి, ఆస్తి పంపకాల్లో కొట్టుకుంటున్న అన్నదమ్ములు ఉన్న ఇంట్లో దాన్ని పెట్టమని మెసేజ్ చెబుతోంది. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ పెద్దల దాకా పోయి, ఒక రాజకీయ నాయకుడు తన లైసెన్స్ తుపాకీతో కాల్చాడు. గాయపడినవాళ్లలో ఒకరు తర్వాత దవాఖానలో చనిపోయారు. కోర్టు అతనికి జీవిత ఖైదు వేసింది. తుపాకీ లేకపోతే ఆ సాయంత్రం తిట్లతోనో, తలలు పగలడంతోనో ముగిసేది, రెండు కుటుంబాలూ మిగిలేవి.

ఇక 2008 డిసెంబర్. బండి మీద ఇంటికి వెళ్తున్న ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు, ఒక అమ్మాయి ప్రాణం పోయింది. వాళ్ల బాధను ఇలాంటి మెసేజ్‌కు వాడుకోవడం చూస్తే కడుపు మండుతుంది. తుపాకీ లైసెన్స్‌కు 21 ఏళ్లు నిండాలి, కాలేజీ పిల్లల్లో చాలామందికి ఆ వయసే ఉండదు. ఉన్నా, కదులుతున్న బండి మీద, మొహాన యాసిడ్ పడిన క్షణంలో ఏ తుపాకీ తీస్తారు? ఆ రోజు లోపించింది తుపాకీ కాదు. ముందు నుంచే వేధిస్తున్నవాణ్ని ఆపే ఏర్పాటు లేదు, యాసిడ్‌ను ఎవరు పడితే వాళ్లు కొనగలిగేవాళ్లు. నిందితులు ముగ్గురూ కొద్ది రోజులకే పోలీసు కాల్పుల్లో చనిపోయారు, అయినా దేశంలో యాసిడ్ దాడులు ఆగలేదు. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకానికి గుర్తింపు కార్డు, రిజిస్టర్ ఉండాలని ఆదేశించింది. 2014లో ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, మొదలయ్యాయి. అమ్మాయిల కోసం గట్టిగా అడగాల్సినవి ఇవి సరిగ్గా పనిచేయాలనే. ఆడవాళ్ల మీద నమోదయ్యే కేసుల్లో అన్నిటికన్నా ఎక్కువ భర్త, అత్తింటివాళ్ల హింసే. అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్లే. అలాంటి ఇంట్లో తుపాకీ ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో ఏ అక్కనైనా అడగండి, చెబుతుంది.

నిజంగా అవసరం ఉన్నవాళ్లు లేరని కాదు. బెదిరింపులు ఎదుర్కొంటున్న సాక్షి, రాత్రిళ్లు బంగారం మోసుకెళ్లే వ్యాపారి, ములుగు, భూపాలపల్లి అడవుల పక్కన పంటను పందులకు పోగొట్టుకుంటున్న రైతు ఉన్నారు. వాళ్ల కోసం చట్టంలో దారి ఉంది. పంట రక్షణకు మందు కూరే తుపాకీని చట్టం ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆ రైతుకు దారి చూపకపోతే చేను చుట్టూ కరెంటు తీగ పెడతాడు, దానికి మనుషులే బలవుతున్నారు. అలాంటివాళ్లు అర్జీ పెట్టుకుంటే కాదన్న అధికారి కారణాలు రాతలో నమోదు చేయాలి, కొన్ని మినహాయింపులు తప్ప అడిగితే ఆ కారణాలు అర్జీదారుకు ఇవ్వాలి, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు.