చెన్నపట్నం ఎవరు పెట్టిన ఊరు?

ఆగస్టు 22, మద్రాస్ డే, అంటే ఇప్పటి చెన్నై పుట్టినరోజు. ప్యారీస్ కార్నర్‌లో మేనమామా మేనకోడలూ బస్సు దిగారు. ఆయన టీ నగర్‌లో ముప్పై అయిదేళ్లుగా ఉంటున్న నెల్లూరాయన. ఆమె ఇక్కడే ఆర్కిటెక్చర్ చదువుతోంది. వాదన బస్సులోనే మొదలైంది.

మావయ్య: నువ్వెన్నయినా చెప్పమ్మా, ఈ ఊరు మనవాళ్లు పెట్టిందే. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ తీరం ఇవ్వకపోతే ఈస్టిండియా కంపెనీ దొర ఫ్రాన్సిస్ డే కోట ఎక్కడ కట్టేవాడు? ఆయన తండ్రి చెన్నప్ప పేరే కదా చెన్నపట్నమైంది. ఆ డే కూడా మన నెల్లూరు సీమలోని దుగరాజపట్నం ఫ్యాక్టరీ, అంటే కంపెనీ వర్తక స్థావరం నుంచి వచ్చినవాడే!

కోడలు: ఆయనిచ్చింది ఇసుక దిబ్బ మావయ్యా. రేవు కూడా లేదు. ఓడలు దూరాన లంగరేస్తే, పీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ మనుషులూ సరుకులూ ఒడ్డుకు చేరేవి. మైలాపూరు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఉంది. తిరువల్లిక్కేణి పార్థసారథి గుళ్లో పల్లవుల కాలం శాసనం ఉంది. మరి ఈ ఊరి పుట్టినరోజు ఆగస్టు 22 ఎలా అవుతుంది?

మావయ్య: గుళ్లున్న ఊళ్లు దేశమంతా ఉన్నాయి. అవన్నీ రాజధానులయ్యాయా? కోట లేచాకే నేతగాళ్లు, కోమట్లు, దొరలకు మాట తర్జుమా చేసి బేరాలు కుదిర్చే దుబాసీలు వచ్చారు. బేరి తిమ్మప్ప లాంటి దుబాసీ లేకపోతే దొరల బేరాలు సాగేవా? కోటలో 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి ఇవాళ్టికీ నిలబడే ఉంది, పద చూపిస్తా.

కోడలు: నిలబడినవి సరే, పడగొట్టినవాటి మాటేంటి? ఇదిగో ఈ హైకోర్టు 1892లో కట్టింది. అంతకు ముందు ఇక్కడేముంది?

మావయ్య: పాత లైట్‌హౌస్ స్తంభం. ఇంకా ఆవరణలోనే ఉంది.

కోడలు: దానికీ ముందు?

(మావయ్య రోడ్డు దాటే మనుషుల్ని చూడటం మొదలుపెట్టాడు.)

కోడలు: చెన్నకేశవుడి గుడి. 1746లో ఫ్రెంచివాళ్లు కోట పట్టుకుని మూడేళ్లు ఏలారు. తిరిగొచ్చిన ఇంగ్లిషువాళ్లకు మళ్లీ వస్తారేమోనని టెన్షన్. కోటకు దగ్గరగా ఇళ్లుంటే శత్రువు వాటి చాటున వస్తాడు, ఫిరంగి గురి కుదరదు. అందుకని అంతా చదును చేశారు. 1757లో గుడీ పోయింది. ఈ గీత దాటి కట్టకూడదని తర్వాత ఆరు రాళ్లు పాతారు. మిగిలింది ఇదొక్కటే, చూడండి.

(డేర్ హౌస్ భవనం పక్కన కొస సన్నబడిన రాతి స్తంభం. ఆయన అన్నేళ్లుగా దాని పక్కనుంచే నడుస్తున్నాడు. దగ్గరికెళ్లి చేత్తో తడిమాడు.)

కోడలు: ఊరికి పేరు ఆ చెన్నకేశవుడి నుంచే వచ్చిందనేవాళ్లూ ఉన్నారు.

మావయ్య: చెన్నప్పైనా చెన్నకేశవుడైనా తెలుగు పేరే కదా! (ఇది మాత్రం గట్టి దెబ్బే.)

కోడలు: పేరు తెలుగైతే ఊరు మనదైపోతుందా?

మావయ్య: మా నాన్న తరం "మద్రాస్ మనదే" అని ఊరికే అరిచిందా? పొట్టి శ్రీరాములు పుట్టింది ఈ జార్జిటౌన్‌లో. 1952లో 58 రోజులు అన్నం మాని ప్రాణం వదిలింది మైలాపూరులో. ఏడాది తిరక్కుండానే రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలుకు పోయింది. ఊరు మాత్రం రాలేదు.

కోడలు: అందుకేనా పునాది మాదంటున్నారు?

(ఆయన గొంతు తగ్గింది.)

మావయ్య: అంతేననుకో. ఆ గుడి మళ్లీ కట్టారా?

కోడలు: పూలబజారు పక్కన, దేవరాజ ముదలి వీధిలో. ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదా?

మావయ్య: లేదు. ఎటు నడవాలి?